కునుకు పట్టిన దెయ్యం

కొబ్బరినూనెలో తెల్లటి జింకు పొడి కలిపి, అరచేతిలో బాగా మెదిపి, దాలమ్మ ముందుగా నుదుటికి పూసుకుంది. తర్వాత చెంపలకు. ఆఖర్న గడ్డం కింద జారిన చర్మాన్ని ఒక చేత్తో పైకి లాగిపట్టి, రెండో చేత్తో మెడ దాకా దిద్దింది. గోడకు మేకు కొట్టి తగిలించిన పాత స్కూటరు అద్దంలో ముఖం మొత్తం ఒకేసారి కనబడదు. ఒక కన్ను చూసుకుని, కాస్త పక్కకు జరిగి రెండో కన్ను చూసుకోవాలి. కళ్ళ చుట్టూ కాటుక గుండ్రంగా పులిమి, పెదవుల చివర్ల నుంచి కుంకుమ నీళ్ళతో రెండు చారలు కిందికి లాగింది. ఇక మిగిలింది విగ్గు. గోగునారకు నల్లరంగు వేసి చేసినది. దాన్ని ఆమె అప్పుడప్పుడూ కుంకుడు రసంతో తలంటి, వెనక జామకొమ్మకు ఆరేస్తుంది. సొంత జుట్టుకు ఏనాడూ అంత సేవ చేసుకుని ఎరగదు.

దెయ్యం తయారైంది. కానీ ఈ రోజు దెయ్యానికే గుండె దడదడలాడుతోంది.

రాజాం నుంచి శ్రీకాకుళం వెళ్ళే దారిలో, చెరకు తోటలు అయిపోయి వరిమళ్ళు మొదలయ్యే చోట, రంగు వెలిసిన ఏనుగు బొమ్మలు రెండు గేటుకు అటూ ఇటూ నిలబడి ఉంటాయి. అదే ఆనందవనం. రాజాంలో బియ్యం మిల్లు ఉన్న నరసింగరావు ఒకప్పుడు ముచ్చటపడి కట్టించాడు. ఒక జెయింట్ వీలు, ఊగే ఓడ, పిల్లల రైలు, దెయ్యాల బంగ్లా. మొదట్లో ఆదివారం వస్తే పాలకొండ నుంచి కూడా ట్రాక్టర్ల మీద జనం దిగేవారు. ఇప్పుడు ఓడ ఊగితే కీచుమంటుంది, రైలు సగం దారిలో ఆగిపోతే పిల్లల తండ్రులే దిగి తోస్తారు. వీలు కింద నీడ ఉంటుంది కాబట్టి జనం దాన్ని ఎక్కడం మానేసి దాని కింద పులిహోర తింటారు.

నరసింగరావుకు మోకాళ్ళు పట్టేశాక కూతురు విశాలి పార్కు చూసుకుంటోంది. విశాఖలో చదివింది, కిందటేడు పెళ్ళయింది. వచ్చిన వారంలోనే పనివాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ఏ ఆట తీసెయ్యాలో, ఏది బాగుచెయ్యాలో, తీసేసిన దాని చోట ఏది పెట్టాలో మీరే ఆలోచించి చెప్పండని అడిగింది. ఆ మీటింగు ఈ సాయంత్రమే. దానికి ముందు ఆమె స్వయంగా ఒక్కొక్క ఆట దగ్గరికీ వచ్చి చూస్తుంది. చప్పగా ఉన్నది ఏదైతే అది పోతుంది.

బంగ్లా చప్పగా ఉందన్న సంగతి దాలమ్మకు తెలుసు. ఇదివరకు తలుపు దాటగానే తల్లుల కొంగులు పట్టుకున్న పిల్లలు ఇప్పుడు ఫోన్లలో లైట్లు వేసుకుని వస్తున్నారు. అస్థిపంజరం భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగుతున్నారు. మొన్న ఒక గుంట, బడికెళ్ళే పిల్ల, దెయ్యం చెయ్యి పట్టుకుని, "హాయ్ ఆంటీ" అంది. ఆ రోజు దాలమ్మ గదికి వెళ్ళాక అన్నం తినలేకపోయింది.

అయితే ఆమె ఊరికే బాధపడుతూ కూర్చోలేదు. కొన్నాళ్ళుగా ఆలోచిస్తోంది. ఈ జిల్లాలో పుట్టిన వాళ్ళు అస్థిపంజరాన్ని ఎక్కడ చూశారని భయపడతారు? తుపాను వచ్చే ముందు రాత్రి, కరెంటు పోయాక, గట్ల మీది తాటిచెట్లు చేసే చప్పుడు మాత్రం చంటిపిల్ల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ తెలుసు. అది విన్నప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడరు. దాలమ్మ గట్ల వెంట తిరిగి ఎండిన తాటాకులు ఏరుకొచ్చింది. బంగ్లా పొడవునా పైకప్పుకు వేలాడదీసి, అన్నిటినీ ఒక తాడుకు కట్టింది. తన తెర వెనక కూర్చుని ఆ తాడు మెల్లగా లాగితే, దూరంగా ఎక్కడో మొదలైన గలగల నడినెత్తి మీదికి వచ్చి ఆగుతుంది. ఆగిన తర్వాతే అసలు భయం. ఆ నిశ్శబ్దంలో చెవి పక్కన ఒక్క ఊపిరి వదిలి, అప్పుడు కేక పెట్టాలి. ప్లాస్టిక్ పుర్రెలు, ఎర్ర బల్బులు, పకపక నవ్వే మిషను, ఏవీ అక్కర్లేదు.

ఈ రోజు విశాలికి అది చూపిస్తుంది. మాటల్లో చెప్పడం దాలమ్మకు రాదు. చూపిస్తే అర్థమవుతుంది. ఆ పిల్ల ఒక్కసారి జడుసుకుందా, బంగ్లా నిలబడ్డట్టే. లేకపోతే ఈ వయసులో మళ్ళీ చీపురే గతి.

చీపురుతోనే వచ్చింది ఆమె ఇక్కడికి. పుట్టింది పొందూరులో. ఇంట్లో ఆడవాళ్ళందరూ సన్న నూలు వడికేవారు. దాలమ్మ చేతిలో మాత్రం పోగు తెగిపోయేది. "నీ సేతికి ఓపిక నేదే" అని తల్లి రాట్నం దగ్గర్నుంచి లేపేసింది. పెళ్ళిలో పెద్దగా ఎవరూ ఆమె ముఖం వంక చూడలేదు, పెళ్ళయ్యాక మొగుడూ చూడలేదు. అతను తీర్థాలకు, జాతరలకు రంగులరాట్నాలు తిప్పుకుంటూ పోయేవాడు. ఒక జాతరకు వెళ్ళినవాడు తర్వాతి జాతరకూ, ఆ తర్వాతి జాతరకూ వెళ్ళి, ఇంటికి రావడం మానేశాడు. పార్కు తెరిచిన కొత్తలో ఆమె తుడిచే పనికి చేరింది. దెయ్యం వేషగాడు తాగి పడిపోయిన ఒక రోజున, జనం బారులు తీరి ఉంటే, నరసింగరావు చేతికి దొరికిన మనిషి తల మీద విగ్గు పెట్టేశాడు. ఆ దొరికిన మనిషి దాలమ్మ.

అంతకు ముందు ఆమె గొంతెత్తి ఎరగదు. చీకట్లో మొదటి మనిషి ఎదురుగా రాగానే ఆమె నోట్లోంచి వచ్చిన కేకకు బయట వీలు తిప్పుతున్న వాళ్ళు కూడా ఆగిపోయారట. అన్నేళ్ళూ అది ఎక్కడ దాగి ఉందో ఆమెకే తెలియదు. బయటికి వచ్చిన జనం నవ్వుతూ, గుండెల మీద చేతులు వేసుకుంటూ, ఆ దెయ్యం ఎవరని అడిగారు. తన గురించి ఎవరైనా అడగడం దాలమ్మ వినడం అదే మొదలు. ఆ పూట నుంచి ఆ చీకటి ఆమె సొంతమైంది.

"అప్పా, టీ."

వెనక తలుపు తోసుకుని ధనరాజు వచ్చాడు. వీలు తిప్పే మనిషి. దాలమ్మను సొంత అక్కలా అప్పా అంటాడు. ముఖం ముటముటలాడిస్తూ గ్లాసు చేతికిచ్చాడు.

"సూసినావా, ఇశాలమ్మ నా వీలు ఎక్కనేదు. కిందే నిలబడి, తిప్పు సూస్తానన్నాది. తిప్పినాను. సూసి ఎల్లిపోనాది. ఎక్కకుండా దాని సంగతి ఏటి తెలుస్తాది, నువ్వు సెప్పు!"

"ఓడ ఎక్కినాదా?"

"అదీ ఎక్కనేదు. రైలు ఒక్కటే ఎక్కినాది, అదీ మెల్లిగా పోనీ అని సెప్పి. మన యమున టీ అట్టుకెల్తే, గ్లాసు ముందుకి రాగానే ముక్కు మూసుకున్నాది. సదువుకున్నోల్లకి మన టీ పనికొస్తాదా?"

దాలమ్మ టీ ఊదుకుని తాగింది. క్యాంటీను యమున టీకి నరసింగరావు అంతటివాడే వంక పెట్టలేదు. ఆ మాట ఎక్కడో ఒక మూల తగిలింది గానీ, మనసంతా తాటాకుల తాడు మీదే ఉంది.

"నీ కాడికే వస్తన్నాది. ఈసారి పేనం పోయినట్టు అరవాల. నువ్వైనా నిలబడితే మనందరికీ దైర్యం" అని ధనరాజు వెళ్ళిపోయాడు.

ఆమె తెర వెనక ముక్కాలిపీట మీద కూర్చుంది. కుడిచేతికి తాడు, ఎడమచేతి దగ్గర స్విచ్చులు. ఎర్ర బల్బులు ఆర్పేసింది. నవ్వే మిషను ఆపేసింది. బంగ్లా లోపల చీకటి దట్టంగా నిండింది. తాటాకులు కదలకుండా ఎదురుచూస్తున్నాయి, ఆమె లాగే.

తలుపు బయట మాటలు వినబడ్డాయి. "మీరు ఉండండి, నేనొక్కదాన్నే వెళ్తాను." తలుపు మీద గుండె జబ్బు వాళ్ళూ గర్భిణులూ లోపలికి రాకూడదని రాసిన బోర్డు ఒకటి ఉంది. అక్షరాలు సగం రాలిపోయాయి. విశాలి దాని ముందు ఒక్క క్షణం ఆగి, తలుపు తోసింది. వెలుతురు పలచగా లోపలికి పడింది. తెరకున్న చిల్లులోంచి దాలమ్మ చూస్తోంది. సన్నగా, పొడుగ్గా, నీలం చుడీదారులో ఉంది పిల్ల. ఒక చెయ్యి గోడకు ఆన్చింది. రెండో చెయ్యి నడుం మీద లేదు, చున్నీ మీదా లేదు. బొడ్డు కింద, ఎవరో నిద్రపోతుంటే జోకొట్టడానికి వేసినట్టు మెత్తగా ఉంది.

తలుపు మూసుకుంది. చీకట్లో నాలుగడుగుల చప్పుడు. దాలమ్మ తాడు బిగించి పట్టుకుంది. అప్పుడు గబ్బిలాల కంపు, పాత గోనెల వాసన తగిలి కాబోలు, విశాలి ఆగిపోయింది. గొంతులో వాంతి వచ్చి, మింగేసిన చప్పుడు. మళ్ళీ ఒకసారి. తర్వాత మెల్లగా గుసగుసగా ఒక మాట.

"ఉండు, ఒక్క నిమిషం ఓర్చుకో. అయిపోతుంది."

లోపల ఇంకెవరూ లేరు. దెయ్యం ఉన్న సంగతి ఆ పిల్లకు తెలుసు గానీ, ఆ మాట దెయ్యంతో అన్నది మాత్రం కాదు.

వీలు ఎక్కకపోవడం, టీ వాసన పడకపోవడం, ఆ చెయ్యి, ఈ మాట, అన్నీ కలిపి చూసుకునేసరికి దాలమ్మకు అర్థమైంది. కడుపుతో ఉంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. మూడో నెల నిండే దాకా చెప్పరు, చెప్పకూడదు కూడా. బోర్డు చూసి ఆగిపోతే బయట నిలబడ్డ వాళ్ళందరికీ తెలిసిపోతుందని లోపలికి వచ్చేసింది.

దాలమ్మకు కూడా ఒకప్పుడు అలా చెయ్యి వేసుకున్న రోజులు ఉన్నాయి. మొదటిసారి పెరట్లో పాము కనబడి కేక పెట్టి పడిపోయింది. ఆ వారంలోనే కడుపు పోయింది. రెండోసారి పిడుగు పడి జడుసుకుంది, అదీ నిలవలేదు. జడుపే కారణమని అత్త ఊరంతా చెప్పింది. ఆస్పత్రి డాక్టరమ్మ అదేం కాదమ్మా, నీ తప్పు లేదు అంది. ఇద్దరిలో ఎవరి మాట నిజమో దాలమ్మకు ఈనాటికీ తెలియదు. తెలియదు కాబట్టే, కడుపుతో ఉన్న ఆడమనిషి ముందు ఆమె గ్లాసు కింద పెట్టినా చప్పుడు కానివ్వదు. బోర్డు రాయించమని నరసింగరావును పోరింది కూడా ఆమే.

చేతిలో తాడు ఉంది. ఒక్కసారి లాగితే చాలు. ఒక్క కేక చాలు. అన్నేళ్ళ చీకటి తనదిగా ఉండిపోతుంది.

దాలమ్మ తాడు వదిలేసింది. వదిలేస్తే ఆకులు కదులుతాయేమోనని భయమేసి మళ్ళీ పట్టుకుని, తన పీట కోడుకు చుట్టి ముడేసింది. పైన ఒక ఆకు ఇంకా ఊగుతుంటే లేచి రెండు చేతులతో దాన్ని పొదివి పట్టుకుంది. విశాలి ఇంకో రెండడుగులు వేస్తే విరిగిన మెట్టు వస్తుంది. మోచేత్తో పెద్ద లైటు స్విచ్చు నొక్కింది.

బంగ్లా అంతా తెల్లగా బయటపడింది. దుమ్ము పట్టిన పుర్రెలు, సుతిలి తాడుతో కట్టిన అస్థిపంజరం, గోడ మీద పిల్లలు రాసిన పేర్లు. విశాలి కళ్ళు చికిలించి, చుట్టూ చూసి, నిట్టూర్చింది. మెట్టు చూసుకుని జాగ్రత్తగా దిగి, గోడ పట్టుకుని అవతలి తలుపులోంచి వెళ్ళిపోయింది. తెర వెనక దాలమ్మ ఊపిరి బిగబట్టి, తాటాకును చంటిపిల్లలా గుండెకు హత్తుకుని నిలబడే ఉంది.

సాయంత్రం మీటింగు క్యాంటీను రేకుల కింద జరిగింది. దాలమ్మ ముఖం కడుక్కుని, చెవుల వెనక తెల్లరంగు మిగిలి ఉండగానే వచ్చి, చివరి బల్ల మీద కూర్చుంది. తలా ఒకటి చెప్పారు. వీలుకు కొత్త బేరింగులు వేసి దీపాలు మారిస్తే రోడ్డు మీద బస్సులకు కనబడుతుందన్నాడు ధనరాజు. ఓడ తీసేసి నీళ్ళ జారుడు పెట్టాలి, ఎండాకాలం జనం దాని కోసమే విశాఖ పోతున్నారు అంది యమున. పట్నం పిల్లలకు ఎడ్లబండి ఎక్కించాలని ఒకరు, అద్దాల గది కావాలని ఒకరు. విశాలి అన్నీ శ్రద్ధగా వింది. వీలు ఉంటుందంది, నీళ్ళ జారుడు బాగుందంది. తర్వాత కాస్త మొహమాటంగా చివరి బల్ల వైపు తిరిగింది.

"దాలమ్మత్తా, ఏమీ అనుకోకు. బంగ్లాలో నాకు భయం వెయ్యలేదు సరికదా, లోపలికి వెళ్ళగానే లైటు వెలిగిపోయింది. నువ్వు కూడా రాలేదు. ఏమైంది?"

అందరూ తిరిగి చూశారు. దాలమ్మ నోటి దాకా ఏదో వచ్చింది. తాటాకులు, తుపాను చప్పుడు, ఊపిరి, కేక. అవి చెబితే మరి ఎందుకు చెయ్యలేదంటారు. దానికి జవాబు ఆ పిల్లది. ఆ పిల్ల తనంతట తాను చెప్పుకోవలసినది.

"కునుకు పట్టేసినాది తల్లీ. నిద్దట్లో సెయ్యి స్విచ్చుకి తగిలిపోయినట్టున్నాది."

ముందు యమున నవ్వింది. తర్వాత అందరూ. దెయ్యానికి నిద్ర రావడం ఎక్కడైనా విన్నామా అని ఒకరు, ఈసారి దెయ్యానికి జోలపాట పెట్టండి అని ఒకరు. విశాలి కూడా నవ్వాపుకోలేకపోయింది. దాలమ్మ తనూ నవ్వింది. అన్నేళ్ళలో ఒక్క పూట పనికి ఆలస్యంగా వచ్చి ఎరగని మనిషి, పని వేళ నిద్రపోయానని అందరి ముందూ ఒప్పుకుంది. 

"బంగ్లా తీసేసి మంచు గది పెడదాం" అంది విశాలి. "నీ పని ఎక్కడికీ పోదత్తా. గుమ్మం దగ్గర కూర్చుని పిల్లలకి చలికోట్లు ఇద్దువుగాని. సరేనా?"

"అలాగే అమ్మా" అంది దాలమ్మ.

మీటింగు అయ్యాక ధనరాజు బంగ్లా వెనక ఆమెను పట్టుకున్నాడు. "నీకు మతి పోయినాదా అప్పా? కునుకేటి, కునుకు? నాను నిన్నెరగనా? ఏటి జరిగినాదో సెప్పు."

"ఏటీ నేదురా. పెద్దదాన్నయిపోనాను."

"మరి మంచు గది ఎట్టినాక పనికి వస్తావా?"

దాలమ్మ గోగునార విగ్గును దువ్వెనతో ఒకసారి దువ్వి మేకుకు తగిలించింది. "నేదురా. పొందూరులో సెల్లెలు రమ్మంతన్నాది. నాను సీకటికి అలవాటైపోనాను. గుమ్మం కాడ ఎలుగులో కూకుంటే నన్నెవులు సూస్తారు, సెప్పు."

ధనరాజు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఆమె అతని భుజం తట్టింది.

రోడ్డు మీదికి బస్సు వచ్చే వేళయింది. బస్సెక్కితే దాలమ్మకు కడుపులో తిప్పుతుంది. అందుకని ప్రయాణం ఉన్నప్పుడల్లా ఉప్పులో ఊరి ఎండిన ఉసిరికాయ ముక్కలు కొన్ని కొంగున కట్టుకుంటుంది. సంచి సర్దుకుని బయల్దేరిన మనిషి విశాలి ఆఫీసు గది ముందు ఆగింది. లోపల ఎవరూ లేరు. కొంగు ముడి విప్పింది. ముక్కలన్నీ ఒక గుడ్డపీలికలో పోసి కట్టి, బల్ల మీద పెట్టింది. తర్వాత ఏనుగు బొమ్మల మధ్యగా నడిచి వెళ్ళి బస్సెక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు కదలగానే కళ్ళు మూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విశాలి లోపలికి వచ్చేసరికి చీకటి పడుతోంది. పొద్దుటి నుంచి తిన్నదేదీ కడుపులో నిలవలేదు. బల్ల మీది మూట చూసి, ఎవరిదోననుకుని విప్పింది. పుల్లటి వాసన తగిలి నోరూరింది. ఒక ముక్క బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తిప్పడం తగ్గింది.

"ఇదెవరు పెట్టారు?" అని యమునను కేకేసి అడిగింది.

"మన కునుకుదెయ్యం కావాల, ఇటేపొచ్చినాది. పొందూరు బస్సుకి ఎల్లిపోనాది. మరి రాదట, ధనరాజు సెప్పినాడు." యమున మూట వంక వింతగా చూసింది. "ఉసిరికాయెందుకమ్మా నీకు?"

 కడుపుతో ఉన్న సంగతి విశాలి మొగుడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు, కన్నతల్లికి కూడా. లైటు సరిగ్గా మెట్టు ముందు వెలగడం గుర్తొచ్చింది. గబగబా గేటు దాకా వెళ్ళింది. రోడ్డు ఖాళీగా ఉంది. గది వాకిట్లో యమున ఇంకా చూస్తూనే ఉంది. బల్ల మీద విప్పి ఉన్న గుడ్డపీలికలో, దాలమ్మ తన ప్రయాణానికని దాచుకున్న ఉసిరి ముక్కలు, ఒకటి తక్కువగా.